గాలి లేని వాయుగుండం

ఎవేలియో రోజూ పొద్దున తన ఇంట్లో కాఫీ తాగి, గుట్ట ఎక్కి, సొరాయిదా ఇంటి నుంచి ఫోన్ చేసేవాడు. ఎల్ రెకోదో ఊరికి ఉన్న ఫోన్ అదొక్కటే. ఊరు నది వంపులో, పల్లంలో ఉంటుంది. సెల్‌ఫోన్లకు సిగ్నల్ అందదు. కాఫీ ముందే తాగి వెళ్లడానికి వేరే కారణం ఉంది. రేషన్ కాఫీలో ఎలాగూ బఠానీలు కలిసే వస్తాయి. సొరాయిదా ఇంకొన్ని వేయించి కలుపుతుందని ఎవేలియో నమ్మకం.

పినార్ దెల్ రియో పట్నంలోని వాతావరణ కార్యాలయంలో ఆ ఫోన్ ఎత్తేది ఒడాలిస్ పిమియెంటా.

"ఇవాళ ఎలా ఉంటుంది?"

"మధ్యాహ్నం దాకా ఎండ. తర్వాత ఒక జల్లు పడొచ్చు."

"పడొచ్చా, పడుతుందా?"

"పడొచ్చు మావయ్యా."

"పడొచ్చు అని చెప్పడానికి అంత చదువెందుకమ్మాయీ? అది నా ఎద్దు కూడా చెబుతుంది."

ఒడాలిస్ ఆయనకు పాత కోడలు. కొడుకు ఒస్మెల్ ఆమెతో విడాకులు తీసుకుని సొరాయిదా కూతుర్ని చేసుకున్నాడు. వాళ్లిద్దరూ ఇప్పుడు హవానాలో ఉంటున్నారు. సొరాయిదా ఎవేలియోకు వియ్యపురాలైంది. ఆయన మాత్రం పట్నానికి ఫోన్ చేయడం మానలేదు.

"నేనిప్పుడు మీ కోడల్ని కాదు మావయ్యా," అని ఒడాలిస్ ఒకసారి గుర్తుచేసింది.

"మరి మావయ్యా అని ఎందుకు పిలుస్తున్నావు?"

ఆమె ఆ రోజు వాన సంగతి చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఎవేలియో పొగాకు పండిస్తాడు. అక్టోబరులో నారుమడులు పోస్తారు. ఎండ ఉంటే మడుల మీద గుడ్డ తీయాలి, వాన ఉంటే కప్పాలి. తప్పు చేస్తే నారు పోతుంది, నారు పోతే ఆ ఏడాది పంట లేదు. అందుకే ఆయనకు రోజూ కబురు కావాలి. బదులుగా ఆయన కూడా ఒక కబురు చెప్పేవాడు. కార్యాలయం వాళ్లు ఆయన పెరట్లో ఒక వర్షమాపకం పెట్టారు. ఆయన దాన్ని గొట్టం అంటాడు. గొట్టంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి చెప్పాలి. ఎప్పుడూ దగ్గరి పదికి సర్ది చెప్పేవాడు.

ఒడాలిస్ హవానాలో చదువుకుంది. ఈ కార్యాలయంలో చేరిన రోజుల్లో అక్కడివాళ్లందరి ధ్యాసా పెద్ద తుఫాన్ల మీదే. గోడల మీద ఆ తుఫాన్ల కళ్ల ఫోటోలు ఉండేవి. ఆమె కన్ను లేని వాటిని ఎంచుకుంది. దక్షిణాన కరీబియన్ సముద్రంలో పుట్టి, తుఫానుగా మారక, పేరు కూడా పెట్టించుకోక, ఒకచోట కూర్చుని వాన కురిపించే వాయుగుండాలు. వాటి గురించి రాసిన మొదటి వ్యాసం ఇలా మొదలవుతుంది: "గాలి ఇళ్లను పడగొడుతుంది. మనుషుల్ని ఎక్కువగా తీసుకుపోయేది నీళ్లు."

కార్యాలయ అధిపతి బెనిగ్నో అది చదివి, "ఇది అందరికీ తెలిసిందే కదా," అన్నాడు.

"తెలిస్తే మన బులెటిన్‌లో మొదటి వాక్యం ఎప్పుడూ గాలిదే ఎందుకు?"

"మొదటి నుంచీ అంతే."

అది అలాగే ఉండిపోయింది.

ప్రతి పెద్ద వాన తర్వాత ఆమె కుయాగ్వతేహె నది వెంట తిరిగేది. ఒక టేపు, ఒక నీలిరంగు డబ్బా, కుంచె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగి, గోడ మీద అక్కడ గీత గీసేది. ఎల్ రెకోదోకు మొదటిసారి వచ్చింది కూడా అలాగే. ఎవేలియో పొగాకు ఆరబెట్టే కొట్టం గోడ మీద, తలకంటే బాగా ఎత్తున, ఎప్పటిదో ఒక మట్టి చార కనిపించింది.

"అది నీళ్ల మరక కాదు, ఆవు రుద్దుకున్న మరక," అన్నాడు ఎవేలియో.

"అంత ఎత్తున రుద్దుకోవాలంటే ఆవు నిచ్చెన ఎక్కాలి," అంది ఆమె.

పక్కన నిలబడ్డ ఒస్మెల్ నవ్వాడు. ఏడాది తిరక్కుండా పెళ్లయింది. పెళ్లి పోయినా గోడ మీద నీలిగీత మిగిలింది.

ఎల్ రెకోదోలో ఇంకొకటి కూడా ఉంది. నది గట్టు వెనక, పల్లంలో ఎవేలియో తాత కట్టిన పాక. అలాంటి పాకను ఇక్కడివాళ్లు వారా ఎన్ తియెర్రా అంటారు. దానికి గోడలుండవు. కొప్పు నుంచి ఆకు కప్పు రెండు పక్కలా నేలదాకా దిగుతుంది, వాసాల చివర్లు భూమిలో పాతి ఉంటాయి. గాలికి పట్టు దొరకదు, మీదుగా పోతుంది. పల్లంలో కట్టింది కూడా అందుకే. ఎవేలియో పుట్టిన రోజున పెద్ద తుఫాను వచ్చి ఊళ్లో ఒక్క ఇల్లూ నిలవలేదు. ఊరంతా ఆ పాకలో ఉంది. ఎవేలియో అందులోనే పుట్టాడు. అప్పటి నుంచి ఆ ఊళ్లో తుఫాను అన్న మాట వినిపిస్తే చాలు, పిల్లల్నీ కోళ్లనూ తీసుకుని పాకలోకి పోతారు.

ఒడాలిస్ ఆ పాక కొప్పు ఎత్తును కూడా కొలిచింది. కొట్టం మీది నీలిగీత కంటే కొప్పు రెండు జానలు కింద ఉంది. ఆ సంగతి ఎవేలియోకు చెప్పింది. ఆయన పాకను చూశాడు, కొట్టాన్ని చూశాడు.

"పాక ఎప్పుడూ పడలేదు," అన్నాడు.

పోయినేడు ఒడాలిస్ లెక్క తప్పింది. వాయుగుండం దక్షిణాన వచ్చి ఆగుతుందని చెప్పింది. పౌర రక్షణ వాళ్లు ట్రక్కులు పంపి నది వెంట ఊళ్లు ఖాళీ చేయించారు. అది ఆగకుండా పశ్చిమంగా యుకతాన్ వైపు వెళ్లిపోయింది. ఎల్ రెకోదో మీద చినుకు పడలేదు, ఎండ కాసింది. మడుల మీద గుడ్డ తీసేవాళ్లు లేక నారు కింద ఉడికిపోయింది. ఎవేలియో కొన్నాళ్లు ఫోన్ చేయలేదు. తర్వాత ఒక పొద్దున చేశాడు.

"ఇవాళ ఎలా ఉంటుంది?" అన్నాడు. నారు మాట ఎత్తలేదు. ఆమే ఎత్తబోతే, "ఇది సొరాయిదా ఫోను, ఎక్కువసేపు వాడకూడదు," అన్నాడు.

ఈ ఏడు అక్టోబరులో ఇంకొకటి వచ్చింది. పేరు లేదు. దక్షిణాన వచ్చింది, ఈసారి ఆగింది. రాడార్ తెర మీద దాని వాన మొత్తం కొండల వైపు వరసగా సాగుతోంది. ఎవేలియో పొద్దున్నే ఫోన్ చేశాడు.

"గొట్టం నిండిపోయింది. పారబోశాను."

"ఎంత ఉందో చూశారా?"

"నిండా ఉంది."

"మళ్లీ పెట్టారా?"

"పెట్టా. ఇక్కడిదాకా నడిచొచ్చేసరికి మళ్లీ సగం అయ్యుంటుంది."

"గాలి ఎలా ఉంది?"

"గాలా? చుట్ట పొగ నిటారుగా పోతోంది."

"మావయ్యా, ఇవాళ మీరు కిందికి దిగకండి. సొరాయిదా గారింట్లోనే ఉండిపోండి. మిగతావాళ్లని కూడా పైకి పిలిపించండి."

"ఆ కాఫీ తాగుతూనా? నారుకి కాపలా ఎవరు? పోయినేడు నీ మాట విని..." అని ఆగిపోయాడు. వెనక నుంచి సొరాయిదా, "నా కాఫీకేమొచ్చింది?" అనడం వినిపించింది. ఫోన్ పెట్టేశాడు.

పది గంటల లోపే కొండల్లో వర్షమాపకాలు చూసే ముగ్గురి నుంచీ ఒకే మాట వచ్చింది. నిండిపోయాయి. కొండల్లో పడిన నీళ్లు నది వంపుకు ఎంతసేపట్లో చేరతాయన్నది ఒడాలిస్ ఇన్నేళ్లుగా కట్టిన లెక్క. పొద్దున పడింది సాయంత్రానికి ఎల్ రెకోదోలో ఉంటుంది. ఆమె బులెటిన్ రాసి బెనిగ్నో ముందు పెట్టింది.

ఆయన చదివి కలం తీశాడు.

"గాలి ఏది?"

"లేదు."

"ఎంత లేదో అది రాయి. మొదటి వాక్యం గాలిది."

"గాలి ముందు పెడితే వాళ్లు గాలి అనుకుంటారు బెనిగ్నో."

"పౌర రక్షణలో దీన్ని చదివే మనిషి మొదటి వాక్యంలో గాలి కోసం వెతుకుతాడు. లేకపోతే మనం మర్చిపోయామనుకుని వెనక్కి పంపుతాడు. అరగంట పోతుంది. నీకు అరగంట ఉందా?"

లేదు. ఆమె మొదటి వాక్యం మార్చింది. గాలులు గంటకు నలభై కిలోమీటర్ల దాకా అని రాసింది. వాన రెండో పేరాలోకి పోయింది. పౌర రక్షణ వాళ్లు ఈసారి వెంటనే ఒప్పుకున్నారు. హెచ్చరికల్లో చివరిదైన అలారం దశ ప్రకటించి, లోయ ఊళ్లకు ట్రక్కులు పంపారు. మధ్యాహ్నం రేడియోలో బులెటిన్ చదివారు. చదివినావిడ గొంతు గంభీరంగా ఉంది.

ట్రక్కు చేరిందో లేదో కనుక్కుందామని ఒడాలిస్ సొరాయిదాకు ఫోన్ చేసింది. అంతకు ముందెప్పుడూ ఆమే ఆ నంబరుకు చేయలేదు.

"సొరాయిదా గారూ, ఒడాలిస్‌ని. ట్రక్కు వచ్చిందా?"

"వచ్చింది తల్లీ, వాగు అవతల ఉంది. వాగు దాటే దారి మీంచి నీళ్లు పోతున్నాయి. డ్రైవరు దిగి చేతులూపుతున్నాడు. నేనూ ఊపాను."

"మరి మావయ్య వాళ్లు?"

"వాళ్లు క్షేమం. రేడియోలో నీ బులెటిన్ చదవగానే అందరూ పాకలోకి పోయారు."

ఒడాలిస్ రాడార్ తెర వైపు తిరిగింది.

"విన్నావా? పాకలో ఉన్నారు. పదకొండు మంది. కింది ఇంటి పిల్ల చంటివాణ్ణి కూడా తీసుకెళ్లింది. గాలులూ అలారమూ అన్నారుగా."

"మీరు వెళ్లి పైకి రమ్మని చెప్పగలరా?"

"నా మోకాళ్ల సంగతి నీకు తెలీదు. దిగితే మళ్లీ ఎక్కలేను. గేటు దగ్గర నించుని కేక వేశాను. మీ మావ ఏమన్నాడో తెలుసా? పాకలోంచి తల బయటపెట్టి, బేస్‌బాల్ ఆట మొదలైంది, తర్వాత మాట్లాడతానన్నాడు."

"రేడియో తీసుకెళ్లారా?"

"బ్యాటరీ రేడియో లేకుండా మీ మావ చచ్చిపోవడానికైనా పోతాడా?"

ఆ మాట అన్నాక సొరాయిదా తనే నాలుక కరుచుకుంది. "ఏమ్మా, ప్రమాదమా?" అని అడిగింది. ఒడాలిస్ అవునని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆమె లేచి గొడుగు తీసుకుంది. బెనిగ్నో తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"రేడియో స్టేషన్‌కి. పాకలోకి దూరారు. నా బులెటిన్ విని దూరారు."

"ఎవరు ఎక్కడికి పోవాలో చెప్పడం మన పని కాదు. అది పౌర రక్షణ చెబుతుంది. మనం వాన సంగతి చెబుతాం, అంతే."

"వాన సంగతే చెబుతాను."

బెనిగ్నో పక్కకు జరిగాడు. "రాడార్ నేను చూస్తాను, పో," అన్నాడు.

స్టేషన్ రెండు వీధుల అవతల. ఆట మాతన్సాస్ పట్నంలో జరుగుతోంది, అక్కడ వాన లేదు. వ్యాఖ్యానం అక్కణ్ణుంచే లైనులో వస్తోంది. స్టూడియోలో ఉన్నది నివాల్దో. ఆట మధ్య విరామాల్లో ప్రకటనలు చదవడం అతని పని. ఒడాలిస్ తడిసిన చెప్పులతో లోపలికి వచ్చి, మైకు ఇవ్వమంది.

"ఈ విడత అయ్యాక ఇస్తాను," అన్నాడు నివాల్దో.

"ఎంతసేపు?"

"పావుగంట. ఒక్క పరుగు వెనకున్నాం ఒడాలిస్. మనవాళ్లు ఇద్దరు పరుగుకి సిద్ధంగా ఉన్నారు. ఇప్పుడు ఆపితే జనం వచ్చి ఈ బిల్డింగు కూల్చేస్తారు. వాయుగుండంతో పని లేదు."

"విరామం వస్తే రేడియో వదిలేసి కాఫీకి లేస్తారు. ఇప్పుడైతే ఎవడూ లేవడు. అందుకే ఇప్పుడు కావాలి."

"డైరెక్టర్‌ని అడగాలి."

"అడుగు. నేను మాట్లాడుతూ ఉంటాను, నువ్వు అడుగుతూ ఉండు."

నివాల్దో ఆమెను ఒకసారి చూశాడు. అద్దం అవతల ఉన్న సాంకేతికుడికి వేలు చూపించాడు. వ్యాఖ్యాత బ్యాటర్ పేరు సగం పలికి ఉండగా లైను కిందికి దిగింది. ఎర్రదీపం వెలిగింది.

"ఎల్ రెకోదోలో ఎవేలియో గారికి," అంది ఒడాలిస్. "మావయ్యా, నేను ఒడాలిస్‌ని. ఆట ఆపినందుకు తర్వాత తిట్టండి. మీరు పాకలో ఉన్నారు. ద్వారం దగ్గర కూర్చుని ఉంటారు, మీ చోటు అదే. మీ జేబులో అగ్గిపెట్టె ఉంది. ఒక పుల్ల గీసి, చెయ్యి బయటికి చాపి, కప్పు అంచు కింద పట్టుకోండి. ఆరిపోతే మీరు చేసింది సరైంది, అక్కడే ఉండండి. ఆరకపోతే నేను చెప్పేది వినండి. గీయండి. నేను ఆగుతాను."

ఆమె ఆగింది. రేడియోలో నిశ్శబ్దం పోనివ్వకూడదు. నివాల్దో గడియారం చూపించాడు, తర్వాత రెండు చేతులూ చూపించాడు. ఆమె పట్టించుకోలేదు. అద్దం అవతల సాంకేతికుడు తన జేబులోంచి అగ్గిపెట్టె తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఆరలేదు కదా," అంది. "గాలి లేదు మావయ్యా. పొద్దున మీరే చెప్పారు, చుట్ట పొగ నిటారుగా పోతోందని. గాలే లేనప్పుడు పాకలో దేన్నుంచి దాక్కున్నారు? మీ తాత దాన్ని గాలికి కట్టాడు. మీరు పుట్టిన రోజు గాలి వచ్చింది. ఇవాళ వస్తున్నది గాలి కాదు, పొద్దున కొండల్లో పడిన నీళ్లు. సాయంత్రానికి మీ దగ్గరుంటాయి. కొట్టం మీద నా నీలిగీత ఉంది చూడండి, ఆవు రుద్దుకుందన్నారే, ఆ గీత. మీ పాక కొప్పు దానికంటే రెండు జానలు కింద. పోయినేడు నేను చెప్పింది తప్పయింది. మీ నారు పోయింది. మీరు ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అనండి, కానీ పైకి వచ్చి అనండి. అందర్నీ లేపి సొరాయిదా గారింటికి పొండి. చంటిపిల్లాణ్ణి ముందు పంపండి. అక్కడ కాఫీ బాగోదని నాకూ తెలుసు."

నివాల్దో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సొరాయిదా గారూ, క్షమించండి," అని ఒడాలిస్ మైకు వదిలింది.

లైను మళ్లీ మాతన్సాస్‌కు కలిసింది. వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు. ఏం జరిగిందో మొదట అర్థం కాలేదు. ఆమె మాట్లాడుతుండగా పినార్ జట్టు రెండు పరుగులు చేసింది. జిల్లాలో ఎవరూ వినలేదు.

స్టేషన్ ఫోన్ మోగడం మొదలైంది. నివాల్దో ఎత్తి చెవికి దూరంగా పట్టుకున్నాడు. మొదటివాళ్లంతా తిట్టారు. ఆ తర్వాత ఒక ముసలావిడ చేసింది. తమది వేరే ఊరనీ, వేరే పాకనీ, తన అగ్గిపుల్ల కూడా ఆరలేదనీ, తమకు కూడా ఇదే వర్తిస్తుందా అని అడిగింది.

"మీ పాక పల్లంలో ఉందా?" అని ఒడాలిస్ అడిగింది.

"పాక ఇంకెక్కడుంటుందమ్మా?"

"అయితే వర్తిస్తుంది. బయల్దేరండి."

ఆమె కార్యాలయానికి తిరిగి వచ్చి సొరాయిదాకు ఫోన్ చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. కాసేపాగి మళ్లీ చేసింది. ఎత్తలేదు. కొండల్లోంచి వచ్చే అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. బెనిగ్నో గదిలో ఫోన్ మోగింది. పౌర రక్షణ నుంచి. ఆయన గొంతు తలుపు అవతలికి వినిపించింది.

"అవునండీ... లేదండీ, తనంతట తను పోలేదు. నేనే పంపాను... మొదటి వాక్యం గాలిది కదండీ, అందుకే పంపాల్సి వచ్చింది... అలాగేనండీ, రాసి పంపుతాను."

బయటికి వచ్చి, "ఎత్తారా?" అని అడిగాడు.

"లేదు."

"లైను పోయి ఉంటుంది."

"మోగుతోంది బెనిగ్నో. లైను పోతే మోగదు."

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమె ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు ఆ నంబరు తిప్పిందో లెక్కపెట్టలేదు. వంతెన దగ్గర నది కొలిచే మనిషి ఫోన్ చేసి, తన కొలబద్ద మునిగిపోయిందనీ, ఇక అంకె చెప్పలేననీ అన్నాడు. వంతెన ఎల్ రెకోదోకు ఎగువన ఉంది.

సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, ఫోన్ మోగింది.

"నా కాఫీ గురించి జిల్లా అంతా చెప్పావు," అంది సొరాయిదా.

ఒడాలిస్ బెనిగ్నోకు ఫోన్ వైపు వేలు చూపించింది.

"ఇంతసేపూ గేటు దగ్గర నించుని ఇత్తడి బేసిన్ మీద గరిటెతో కొడుతూ ఉన్నా. వానలో దారి కనపడదు, శబ్దం వింటూ ఎక్కారు. ఫోన్ మోగడం వినపడుతూనే ఉంది, బేసిన్ వదిలితే ఎవడన్నా దారి తప్పుతాడని ఎత్తలేదు. ఇదిగో, నీ మావ లాక్కుంటున్నాడు."

"అమ్మాయీ."

"మావయ్యా. అందరూ ఉన్నారా?"

"పదకొండు మందీ ఉన్నారు. చంటివాడు నిద్రపోతున్నాడు. ఎద్దులు కూడా వచ్చాయి, సొరాయిదా పూలమొక్కలు తింటున్నాయి, ఆవిడకి ఇంకా చెప్పలేదు."

"అగ్గిపుల్ల గీశారా?"

"గీశాను."

"ఆరిందా?"

"ఆరితే ఎందుకొస్తాను? వేలు కాలింది. నువ్వు అంతసేపు ఆగుతావని నాకేం తెలుసు?"

ఒడాలిస్ నవ్వింది. కళ్లు తుడుచుకుంది. బెనిగ్నో అది చూసి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"నీళ్లు ఎక్కడున్నాయి మావయ్యా?"

ఎవేలియో వరండా వైపు రెండడుగులు వేసిన చప్పుడు వినిపించింది.

"పాక కనపడటం లేదు," అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "ఆట ఏమైంది? నువ్వు ఆపాక ఏమైందో ఇక్కడ ఎవరికీ తెలీదు. దారిలో రేడియో తడిసిపోయింది," అన్నాడు.

"గెలిచాం."

"గెలిచామా?" ఫోన్ పక్కకు పెట్టి గట్టిగా అరిచాడు. ఇంటి లోపలి నుంచి కేకలు వినిపించాయి. చంటివాడు లేచి ఏడవడం కూడా వినిపించింది.

ఫోన్ పెట్టేశాక, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఆమెకు గుర్తొచ్చింది. బెనిగ్నో తన సంచిలోంచి జామపాకం పెట్టిన రొట్టె తీసి సగం విరిచి ఇచ్చాడు. ఆమె అది తిని, ఆయన చేతిలో మిగిలిన సగం కూడా అడిగి తింది. ఆ వానకు లోయలో మనుషులెవరూ పోలేదన్న కబురు మర్నాడు అందింది. మొత్తం మూడు పాకల్లోంచి జనం లేచి వచ్చారు.

వారం తర్వాత తయారైన బులెటిన్ ఒకటి ఇలా మొదలైంది: "గాలి ఉండదు. ప్రమాదం నీళ్ల వల్ల." గాలి మొదటి వాక్యంలోనే ఉంది కాబట్టి పౌర రక్షణ వాళ్లు వెనక్కి పంపలేదు. అది రాసింది బెనిగ్నో.

నీళ్లు తీశాక ఒడాలిస్ టేపు, నీలిరంగు డబ్బా తీసుకుని ఎల్ రెకోదో వెళ్లింది. కొట్టం మీద కొత్త చార పాత గీతకు కొంచెం కింద ఉంది. ఈసారి ఎవేలియో ఆవు మాట ఎత్తలేదు. నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. ఆమె గీత గీసి, కొలిచి, రాసుకుంది.

తర్వాత ఇద్దరూ పాక దగ్గరికి నడిచారు. ఆకు కప్పు చాలావరకు కొట్టుకుపోయింది. లోపల నడుము ఎత్తున బురద ఉంది. కొప్పు దూలానికి ఎవరిదో చొక్కా చుట్టుకుని ఉంది. ఎవేలియో ఒక వాసాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు.

"చూడు, ఒక్కటి కూడా కదల్లేదు."

"కదలదు మావయ్యా."

"నేను లోపలుంటే పాక నిలిచేది, నేను పోయేవాణ్ణి."

ఆయన దూలానికున్న ఆ చొక్కాను విడదీయబోయి, రాక, వదిలేశాడు.

"దీన్ని ఇక్కడే మళ్లీ కప్పుతాను," అన్నాడు. "గుట్ట మీద కట్టమని సొరాయిదా అంటోంది. గుట్ట మీద గాలికి నిలవదు. గాలొస్తే ఇక్కడికి, నీళ్లొస్తే అక్కడికి. ఏది వస్తోందో నువ్వు చెప్పు."

"చెబుతాను."

"గాలే వస్తే బాగుండు. ఆ కాఫీ నాలుగు పూటలు తాగాను."

నారుమడులు కొంచెం ఎత్తులో ఉన్నాయి. కింది సగం కొట్టుకుపోయింది, పై సగం నిలిచింది. మడుల మీద గుడ్డ ఇంకా కప్పే ఉంది. ఎవేలియో అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆకాశం వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు.

"రేపు ఎలా ఉంటుంది?"

"ఎండ."

"కాయొచ్చా, కాస్తుందా?"

"కాస్తుంది."

ఆయన గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు. ఆమె రంగు డబ్బా కింద పెట్టి రెండో చివర పట్టుకుంది.